పనివస్తువు బొమ్మలోకి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? స్కెచ్‌బుక్‌లలో పనిముట్ల ప్రతీకాత్మకత

పక్కగీత

అందరికీ నమస్కారం. ఏడాదికి పైగా నేనొక చిన్న స్కెచ్‌బుక్‌లో పనివస్తువులను మాత్రమే గీస్తున్నాను. సుత్తి, కత్తెర, తాళంచెవుల గుత్తి, బకెట్టు, మొన విరిగిన స్క్రూడ్రైవరు, సిమెంటు పట్టి బిగుసుకుపోయిన చేతితొడుగులు, ఇలా ఎవరో ఒకరు రోజూ పనిలో పట్టుకునేవి తప్ప అందులో మరేమీ లేవు. మనిషి బొమ్మ ఒక్కటి కూడా లేదు.

నేను పనిచేసే భవనానికి ఈమధ్య రంగులు వేశారు. మధ్యాహ్నం పనివాళ్లు విశ్రాంతికి వెళ్లిన వేళ వాళ్ల చెక్క నిచ్చెన గోడకు చేరవేసి ఉంటే, ఎదురుగా కూర్చుని దానిని గీశాను. దాని నిండా రంగు చుక్కలు, ఒకదానిమీద ఒకటి, ఎన్నో ఏళ్లవి. కింది నుంచి నాలుగో మెట్టు మాత్రం అరిగి, పల్లమై, నున్నగా మెరుస్తోంది. నన్ను అక్కడ కూర్చోబెట్టింది ఆ మెట్టే.

ఆ బొమ్మను నలుగురికి చూపించినప్పుడు ఒకరు అది ఎదుగుదలకు మంచి ప్రతీక అన్నారు. మరొకరు, నిచ్చెన మీద ఎవరూ లేరు కనుక అది ఒంటరితనమని అన్నారు. ఇద్దరూ మనసుపెట్టి చూసిన తరువాతే ఆ మాట అన్నారు కనుక వారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కాని గీస్తున్నప్పుడు నా మనసులో ఎదుగుదల లేదు, ఒంటరితనమూ లేదు, ఆ మెట్టు మాత్రమే ఉంది. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పనివస్తువును గీసినప్పుడు అందులోకి ప్రతీక ఎక్కడి నుంచి వస్తుంది? గీసేవారు పెడతారా, చూసేవారు వెంట తెచ్చుకుంటారా, లేక వస్తువులోనే ఉంటుందా? ముందుగా అర్థాన్ని అనుకుని గీయాలా, అర్థం సంగతి మరచిపోయి గీయాలా? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతకాగితం

పక్కగీత గారూ, మీ నిచ్చెనను చూసి ఎదుగుదల అన్నవారు ఆ అర్థాన్ని అప్పటికప్పుడు కల్పించలేదు. నిచ్చెనకు ఆ అర్థం మనం పుట్టకముందే అంటుకుని ఉంది. పనివస్తువులకు ఇలా స్థిరమైన అర్థాలు కట్టబెట్టడం యూరప్ చిత్రకళలో శతాబ్దాల పాటు సాగింది. అక్షరం రానివారు కూడా బొమ్మను గుర్తుపట్టాలి కనుక, వడ్రంగి మూలమట్టం చేతిలో ఉంటే ఏసు పెంపుడు తండ్రి జోసెఫ్ అనీ, విరిగిన చక్రం పక్కన ఉంటే క్రైస్తవ పునీతురాలు కేథరిన్ అనీ చూసేవారికి తెలిసిపోయేది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రాలలో ఇసుక గడియారం, ఆరిపోయిన దీపం కనిపిస్తే అవి ఆయుష్షు కరిగిపోవడానికి గుర్తులు. ఇదంతా ఒక నిఘంటువు లాంటిది, గీసేవారూ చూసేవారూ దానినే తిరగేసేవారు.

ఇక్కడ జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1514లో ఆయన రాగిరేకు మీద చెక్కిన ‘మెలెంకోలియా’ (దిగులు) చిత్రం ప్రసిద్ధమైనది. రెక్కలున్న స్త్రీ ఒకామె చేతిలో వృత్తలేఖిని పెట్టుకుని, చెంపకు పిడికిలి ఆనించి కూర్చుని ఉంటుంది. ఆమె నడుముకు తాళంచెవులు, డబ్బు సంచి వేలాడుతుంటాయి. ఈ చిత్రానికి ముందు చేసిన చిత్తుగీతల కాగితం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిమీద డ్యూరర్ తన చేత్తోనే రాసుకున్న వివరణ ఉంది. తాళంచెవి అంటే అధికారం, సంచి అంటే సంపద. చిత్తుకాగితం మీద కళాకారుడు తన ప్రతీకను తానే ఇంత సూటిగా విప్పి చెప్పడం అరుదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి ఆ రెండూ కావు. అదే చిత్రంలో నేలమీద రంపం, చిత్రిక, సుత్తి, బద్ద, మేకులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి గురించి ఆ కాగితం మీద ఒక్క మాట లేదు. అయినా ఆ చిత్రంలోని దిగులంతా నాకు వాటిలోనే కనిపిస్తుంది. పని చేయడానికి కావలసినవన్నీ అందుబాటులో ఉన్నాయి, వాటిని ముట్టుకునే చెయ్యి మాత్రం లేవడం లేదు. తాళంచెవి అర్థం తెలియాలంటే ఎవరో చెప్పాలి. ఊరకే పడి ఉన్న రంపం అర్థం చెప్పనక్కరలేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది.

నల్లబల్ల

నేను చాలాకాలంగా బొమ్మలు వేయడం నేర్పుతున్నాను కనుక ఈ విషయాన్ని కాగితం వైపు నుంచి చూస్తాను. వస్తువుకు అర్థం ఉన్నా లేకపోయినా, దానిని పుట మీద ఎలా పెట్టామన్నదానికి అర్థం తప్పకుండా ఉంటుంది. సుత్తి పిడి మనవైపు తిరిగి ఉంటే, చూసేవారి చెయ్యి తెలియకుండానే దాని వైపు సాగుతుంది. అదే సుత్తి తల మనవైపు ఉంటే దెబ్బ మనమీద పడబోతున్నట్టుంటుంది. కత్తెరను మూసి గీస్తే పని ముగిసినట్టు, కొద్దిగా తెరిచి గీస్తే పని మధ్యలో ఆగినట్టు అనిపిస్తుంది. ఇందులో ఏ నిఘంటువూ లేదు. మన శరీరాలకు ఆ వస్తువులతో ఉన్న పరిచయమే పనిచేస్తోంది.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. వస్తువును పుట నడిమధ్యన, చుట్టూ ఏమీ లేకుండా, నీడ కూడా లేకుండా గీస్తారు. అలా చేయగానే అది ఒక ముద్ర అయిపోతుంది. ఫలానా సుత్తి కాస్తా ‘సుత్తి’ అనే మాటకు బొమ్మ అవుతుంది. మాటకు బొమ్మ అయినప్పుడు చూసేవారు ఆ మాటకు తమకు తెలిసిన అర్థాలన్నీ తెచ్చి పెట్టడంలో వింతేమీ లేదు. దాని కింద బల్ల అంచు ఒక్క గీత వేసినా, ఒక పక్క నుంచి నీడ పడినా, అది ఒక చోట, ఒక వేళ, ఎవరో కింద పెట్టిన సుత్తి అవుతుంది. పక్కగీత గారూ, మీ నిచ్చెన చుట్టూ ఏముందో రాయగలరా? గోడ, నేల, డబ్బాలు ఉన్నాయా, లేక తెల్లకాగితం మీద నిచ్చెన ఒక్కటే ఉందా?

పక్కగీత

నల్లబల్ల గారూ, నిచ్చెన ఒక్కటే ఉంది. గోడను వదిలేశాను. డబ్బాలు, నేలమీద పరిచిన పాత గుడ్డ చూపుకు అడ్డమనిపించి వాటినీ గీయలేదు. మీరు అడిగిన తరువాత ఆ పుటను మళ్లీ తెరిచి చూస్తే, నిచ్చెన గాలిలో నిలబడినట్టుంది. ఎదుగుదల అన్నవారికి ఆ అవకాశం నేనే ఇచ్చానని ఇప్పుడు అర్థమవుతోంది.

ఉలిమొన

నేను చిత్రకారుడిని కాను. ఇరవై ఏళ్లకు పైగా వడ్రంగం చేస్తున్నాను. మా పనిముట్ల బొమ్మలు ఎక్కడ కనిపించినా ఆగి చూస్తాను కనుక, ఆ పనిముట్టు పట్టుకునేవాడికి బొమ్మ ఎలా కనిపిస్తుందో చెప్పాలనిపించి రాస్తున్నాను.

ముందుగా ఒక బాధ చెప్పుకోనివ్వండి. రంపాన్ని శ్రమకు ప్రతీకగా వేసిన బొమ్మలు ఎన్నో చూశాను. వాటిలో చాలావాటికి పళ్లు వరుసగా త్రిభుజాల్లాగా, ఏ వైపుకూ ఒరగకుండా ఉంటాయి. నిజమైన రంపం పళ్లకు ఒక దిక్కు ఉంటుంది. కొన్ని రంపాలు నెట్టినప్పుడు కోస్తాయి, జపాను రంపాల వంటివి లాగినప్పుడు కోస్తాయి. పన్ను ఏ వైపు వాలిందో చూస్తే ఆ మనిషి బలాన్ని ఎటు పెడతాడో, చెక్కను ఎలా అదిమిపడతాడో నాకు తెలిసిపోతుంది. దిక్కు లేని పళ్లు గీసిన రంపంలో శ్రమ ఎక్కడుంది? అది ఏ చెక్కనూ కోయలేదు. కోయలేని రంపం శ్రమకు ప్రతీక అవుతుందంటే నా మనసు ఒప్పుకోదు.

ఇక ఉలి సంగతి. కొత్త ఉలీ, పదేళ్ల ఉలీ పక్కపక్కన పెడితే పాతది పొట్టిగా ఉంటుంది. సానపట్టిన ప్రతిసారీ కొంచెం ఇనుము పోతుంది కదా. పిడి చివర సుత్తి దెబ్బలకు చితికి, అంచులు బయటికి విచ్చుకుని ఉంటుంది. సానరాయి కూడా అలాంటిదే, మధ్యలో లోతుగా గుంట పడుతుంది. ఆ గుంటలోకి పోయిన రాయి, ఉలి నుంచి పోయిన ఇనుము, నా చేతుల్లోంచి పోయిన ఏళ్లు, ఈ మూడూ నాకు ఒకే లెక్క. ఎవరైనా ఆ గుంటను సరిగ్గా గీస్తే నాకు వేరే ప్రతీక అక్కరలేదు. సానరాయిని ఇటుకలా చదునుగా గీసి, కింద ‘సహనం’ అని రాస్తే మాత్రం అది నా సానరాయి కాదు.

మా పనిలో చెక్కను నునుపు చేయడాన్ని చిత్రిక పట్టడం అంటాం. కథలో ఒక మనిషిని ఉన్నదున్నట్టు చూపించినప్పుడు కూడా చిత్రిక పట్టారనే అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సంతోషమే. ఎందుకంటే చిత్రిక కొత్తగా ఏదీ తెచ్చి అతికించదు, అడ్డంగా ఉన్నదానిని తీసి లోపలి పోగును చూపిస్తుంది.

రెండోచూపు

ఉలిమొన గారి మాటలు చదివి, రాయకూడదనుకున్న నేను కూడా రాస్తున్నాను. అరుగుదలలోనే అర్థం ఉందన్న మాట నాకు ఎంతో నచ్చింది. కాని ఆ దారిలో ఒక గొయ్యి ఉంది, దానిలో పడినవారు సామాన్యులు కారు.

విన్సెంట్ వాన్‌గో 1886లో పారిస్‌లో ఉండగా అరిగిపోయిన బూట్ల చిత్రాన్ని వేశాడు. జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ 1930లలో కళ గురించి చేసిన ఉపన్యాసాలలో ఆ బూట్లను తీసుకుని, అవి ఒక రైతు స్త్రీవని చెప్పి, ఆ బూట్ల లోపలి చీకటిలో ఆమె పొలంలో వేసిన భారమైన అడుగులు, మట్టి తడి, తిండిగింజల కోసం పడే ఆందోళన అన్నీ కనిపిస్తున్నాయని వర్ణించాడు. 1968లో కళాచరిత్రకారుడు మేయర్ షాపిరో దానికి జవాబు రాశాడు. వాన్‌గో అప్పుడు నగరంలో ఉన్నాడు, అవి రైతు స్త్రీవి కావు, చిత్రకారుడి సొంత బూట్లు అన్నాడు. ఆ తరువాత 1978లో ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ డెరిడా ఇద్దరినీ ప్రశ్నించాడు. అసలు ఆ రెండూ ఒక జతేనని మీకెలా తెలుసు, వాటిని ఎవరో ఒకరి కాళ్లకు తొడిగి తీరాలన్న తొందర మీకెందుకు అన్నది ఆయన ప్రశ్న.

దీనిని పండితుల తగవుగా కొట్టిపారేయకూడదు. అరుగుదలను చూసి, దాని వెనుక ఒక మనిషిని ఊహించుకోవడం మనందరం చేసే పనే. ఆ ఊహ ఎంత అందంగా ఉంటే అంతగా నిజమనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. కనుక అరుగుదలను గీయడం వేరు, అరుగుదలకు ఒక కథ అల్లడం వేరు అని నా మనవి.

అయితే అదే వాన్‌గో ఇంకొక చోట మనకు నిజంగా దారి చూపించాడు. 1884లో ఆయన నేతగాళ్లను, వాళ్ల మగ్గాలను ఎన్నోసార్లు గీశాడు. తోటి చిత్రకారుడు వాన్ రాపార్డ్‌కు రాసిన లేఖలో మగ్గం బొమ్మ గురించి వివరంగా చెప్పుకున్నాడు. యంత్రాలు గీసేవాడు అచ్చంగా, కొలతలతో గీసిన మగ్గాన్ని తన బొమ్మ పక్కన పెడితే, తన మగ్గంలో చెమట చేతుల మురికి పట్టిన ఓకు చెక్క కనిపిస్తుందనీ, మనిషిని గీయకపోయినా పనివాడు గుర్తుకు వస్తాడనీ, ఆ కర్రల గజిబిజి నుంచి అప్పుడప్పుడూ ఒక నిట్టూర్పు వినిపించాలనీ ఆయన భావం. పక్కగీత గారి స్కెచ్‌బుక్‌లో మనిషి బొమ్మ లేకపోవడానికి ఇంతకంటే మంచి సమర్థన నాకు తెలియదు. కొలతల బొమ్మ తక్కువదని కూడా ఆయన అనడం లేదని నా అభిప్రాయం. దిదెరో సంపాదకత్వంలో వచ్చిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వానికి 1762 నుంచి 1772 వరకు వెలువడిన 11 చిత్రసంపుటాలలో వృత్తుల పనిముట్లను ఎంతో శ్రద్ధగా, విడివిడిగా పేర్చి చూపించారు. చాలా పుటలలో పైభాగంలో పనిచేస్తున్న మనుషులతో కార్ఖానా, కింద శుభ్రంగా వరుసపెట్టిన పనిముట్లు ఉంటాయి. అక్కడ పనిముట్టుకు గౌరవం ఉంది, కాని ఫలానా వ్యక్తి చెయ్యి లేదు. ఏ ఉలి బొమ్మ అయినా అన్ని ఉలుల తరఫున నిలబడుతుంది.

పోగుదారం

నేను బట్టలు కుడతాను, తీరిక దొరికినప్పుడు పెన్సిలు పడతాను. ఉలిమొన గారి రంపం మాటకు తోడుగా ఒక్క విషయం చెబుతాను.

మేము బట్ట కత్తిరించే పెద్ద కత్తెరకు రెండు కన్నాలూ ఒకే మాదిరిగా ఉండవు. బొటనవేలు దూరేది చిన్నది, మిగిలిన వేళ్లు దూరేది పెద్దది. కుడిచేతి కత్తెర వేరు, ఎడమచేతి కత్తెర వేరు. పైకి వచ్చే అలుగు ఏ పక్కన ఉందో చూస్తే తెలిసిపోతుంది. నాది ఎడమచేతి వాటం. నేర్చుకునే రోజుల్లో నాకు సరిపడే కత్తెర లేక, కుడిచేతి కత్తెరతోనే ఎడమ చేత్తో కత్తిరించి, అలుగుల మధ్య బట్ట మడతపడి నలిగిపోతే మాటలు పడ్డాను. అందువల్ల ఎడమచేతి కత్తెరను ఎవరైనా సరిగ్గా గీస్తే నాకు గుండెలో ఏదో కదులుతుంది. ఇతరులకు అది కత్తెర బొమ్మ మాత్రమే. నాకు అది నన్ను గుర్తించిన బొమ్మ.

ఇంకొకటి. చెక్కమీదా, రాగిరేకు మీదా చెక్కి అచ్చువేసిన బొమ్మలు కుడిఎడమలు తారుమారై వస్తాయి కదా. చెక్కేటప్పుడే తిప్పి చెక్కకపోతే కుడిచేతి పనివాడు కాగితం మీద ఎడమచేతి పనివాడైపోతాడు. పాత అచ్చుబొమ్మలలో ఎడమ చేత్తో పనిచేసేవారు కనిపించినప్పుడు నేను ముందు సంతోషించి, తరువాత ఈ సంగతి గుర్తుకు వచ్చి ఆగిపోతాను.

పాతకాగితం

రెండోచూపు గారి హెచ్చరికను మన్నిస్తూనే ఒక విషయంలో నేను వెనక్కి తగ్గలేను. వస్తువు మీద సమాజం వేసిన అర్థాన్ని గీసేవారు తమ ఇష్టంతో తుడిచివేయలేరు. కొడవలిని తీసుకోండి. 1918 ప్రాంతంలో రష్యాలో సుత్తితో కలిసి అది ఒక రాజకీయ చిహ్నంగా రూపుదిద్దుకుంది. 1923లో సోవియట్ రాజ్యచిహ్నంలోకి చేరింది. ఆ తరువాత ప్రపంచంలో ఎక్కడ కొడవలి, సుత్తి ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉన్నట్టు గీసినా, గీసినవారు కేవలం రెండు వస్తువులను గీశామని చెప్పుకోవడం కుదరదు. తక్కెడ కూడా అంతే. రెండు పళ్లాలు సమంగా నిలిచిన తక్కెడ న్యాయం వైపు లాగుతుంది, ఒక పళ్లెంలో చిల్లర సామాను ఉంటే తప్ప.

అందుకే ఈ విషయంలో నాకు జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్స్ పద్ధతి గొప్పగా కనిపిస్తుంది. జర్మనీలో 1524–25 నాటి రైతు తిరుగుబాటు మీద ఆమె చేసిన చిత్రమాలలో 1905 నాటి చిత్రం ఒకటుంది. ఒక స్త్రీ పెద్ద కొడవలికి పదును పెడుతూ ఉంటుంది. అలుగు ఆమె ముఖానికి ఎంతో దగ్గరగా ఉంటుంది, కళ్లు సగం మూతపడి ఉంటాయి. కోతకు ముందు ఏ రైతు అయినా చేసే పనే అది. ఆ పనిలో తేడా ఏమీ లేదు, రాయి అదే, అలుగు అదే, చెయ్యి కదిలే తీరూ అదే. కాని ఆమె ఆ పదును దేనికోసం పెడుతోందో మనకు తెలుస్తుంది. పనిముట్టు ఆయుధంగా మారే క్షణాన్ని, ఆ వస్తువులో ఏ మార్పూ చేయకుండా చూపించింది. స్థిరపడిన చిహ్నం నోటితో అరుస్తుంది, ఇది ఊపిరి బిగపట్టినట్టుంటుంది. నిఘంటువులోని అర్థాన్ని కాదనకుండా, దానిని ఒక మనిషి చేతిలోకి తిరిగి తెచ్చింది కనుకనే ఆ బొమ్మ నాకు ఇంతగా గుర్తుండిపోయింది.

లియొనార్డో డా వించి కాగితం ఒకటి కూడా ఈ సందర్భంలో గుర్తుకు వస్తోంది. ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో ఉన్న ఆ చిన్న గీతల పుట మీద, మేఘాల నుంచి వస్తువులు వానలా కురుస్తుంటాయి. గడ్డి లాగే పంజాలు, దీపాలు, కళ్లజోళ్లు, ఇంకా ఎన్నెన్నో పనిసామాన్లు నేలమీద కుప్పలుగా పడుతుంటాయి. కింద ఆయన రాసుకున్న మాటల సారాంశం, డబ్బు కోసం మనిషి ఎన్నింటికి దాసుడవుతున్నాడో కదా అని. పనిముట్టు మనకు సేవ చేస్తుందనుకుంటాం, ఆ పుటలో సేవ చేస్తున్నది మనిషి. ఒక్కొక్క వస్తువునూ విడిగా చూస్తే ఏ అర్థమూ లేదు, కుప్పగా చూస్తేనే ఉంది.

రెండోచూపు

పాతకాగితం గారితో నాకు విభేదం లేదు, మాటల వాడుకలో మాత్రం కొంచెం స్పష్టత కావాలి. అమెరికన్ తత్త్వవేత్త చార్లెస్ పియర్స్ గుర్తులను మూడు విధాలుగా విభజించాడు. పోలిక వల్ల గుర్తు అయ్యేది ఒకటి, ఒడంబడిక వల్ల అయ్యేది ఇంకొకటి, నిజంగా జరిగినదాని జాడగా మిగిలేది మరొకటి. పొగ నిప్పుకు జాడ, అడుగు గుర్తు నడకకు జాడ. తక్కెడ న్యాయానికి గుర్తు కావడం ఒడంబడిక. ఉలిమొన గారి సానరాయి గుంట జాడ. స్కెచ్‌బుక్‌లో ఈ మూడూ ఒకే పుట మీద కలిసిపోతాయి. అంతేకాక, గీత కూడా ఒక జాడే. పెన్సిలు ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తడబడిందో కాగితం మీద ఉండిపోతుంది. అరిగిన వస్తువును గీసినప్పుడు ఒక చేతి జాడను మరొక చేతి జాడతో పట్టుకుంటున్నాం. పెన్సిలు కూడా అరిగే పనిముట్టేనని మనం మరచిపోతుంటాం.

ఉలిమొన

పక్కగీత గారూ, మీ నిచ్చెన గురించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. నాలుగో మెట్టే ఎందుకు అరిగింది?

నిచ్చెన ఎక్కడానికి మాత్రమే అయితే అన్ని మెట్లూ కొంచెం హెచ్చుతగ్గులుగా ఒకేలా అరగాలి. కింది మెట్టు మీద అందరూ కాలు పెడతారు కనుక అదే ఎక్కువ అరగాలి. నాలుగోది అరిగిందంటే ఆ మనిషి అక్కడ నిలబడతాడన్నమాట. గోడ పైభాగం, కప్పు అంచు చేతికి అందే ఎత్తు అతనికి అదే. ఎక్కడం రెండు క్షణాల పని, నిలబడడం రోజంతా. కాలు జారకుండా మడమ బిగించి, ఒక చేత్తో డబ్బా, మరో చేత్తో కుంచె పట్టుకుని గంటల తరబడి నిలబడినవాడి బరువు ఆ పల్లంలో ఉంది. చూసేవారు ఆ బొమ్మను ఎదుగుదల అన్నారు. ఆ నిచ్చెన మీద పనిచేసినవాడు ఎదిగింది నాలుగు మెట్లే, ప్రతిరోజూ అంతవరకే ఎక్కి దిగాడు.

పోగుదారం

ఈ మాట చదివి నా కుట్టుమిషను తొక్కుడుపలక వైపు చూశాను. కుడి పాదం ఆనే చోట రంగు పోయి ఇనుము బయటపడింది. ఇన్నేళ్లలో దానిని ఒక్కసారి కూడా గీయలేదు.

నల్లబల్ల

ఉలిమొన గారి ప్రశ్న తరువాత చిత్రలేఖనం నేర్పేవాడిగా నాకు చెప్పవలసినది తక్కువే మిగిలింది. అయినా స్కెచ్‌బుక్‌కు ప్రత్యేకమైన గుణం ఒకటుంది, అది చట్రంలో బిగించిన పూర్తిచిత్రానికి ఉండదు. స్కెచ్‌బుక్‌లో అదే వస్తువు దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లవచ్చు. జర్మన్ చిత్రకారుడు అడాల్ఫ్ మెంజెల్ ఇనుప కర్మాగారం మీద 1872–75 మధ్య వేసిన పెద్ద చిత్రం కోసం వందకు పైగా చిత్తుబొమ్మలు గీశాడు. యంత్రభాగాలు, పట్టుకార్లు, పనివాళ్ల భంగిమలు వాటిలో ఉన్నాయి. పూర్తయిన చిత్రంలో మంటల వెలుగు, హడావుడి మన కళ్లను ఆక్రమిస్తాయి. చిత్తుబొమ్మలలో ఒక్కొక్క పనిముట్టుకూ దాని బరువు దానికి దక్కుతుంది. అమెరికన్ చిత్రకారుడు జిమ్ డైన్ చిన్నతనంలో తాతగారి ఇనుప సామాన్ల దుకాణంలో గడిపినవాడు. 1960ల నుంచి పనిముట్లు ఆయన బొమ్మలలోకి వస్తూనే ఉన్నాయి, 1973లో బొగ్గుతోనూ పెన్సిలుతోనూ పనిముట్ల బొమ్మల వరుస ఒకటి చేశాడు. చెరిపిన మసి, మళ్లీ దిద్దిన గీత అలాగే ఉంచేసిన ఆ బొమ్మలలో పనిముట్టుతో పాటు దానిని చూస్తూ గడిపిన కాలం కూడా కనిపిస్తుంది.

ముందుగా అర్థం అనుకుని గీయాలా వద్దా అన్న మీ రెండో ప్రశ్నకు నేను విద్యార్థులకు ఇచ్చే పని ఒకటి చెబుతాను. ఒకే వస్తువును పన్నెండుసార్లు గీయండి, రోజుకొకటి చొప్పున. మొదటి మూడు బొమ్మలలో మీకు ముందే తెలిసిన వస్తువే వస్తుంది, నిఘంటువులోని అర్థాలూ వాటిలోనే అయిపోతాయి. ఆ తరువాత విసుగు వస్తుంది. ఆ విసుగును దాటిన తరువాతి బొమ్మలలో మీరు ఎన్నడూ చూడనిది ఏదో కనిపించడం మొదలవుతుంది. వీలైతే అసలు పరిమాణంలో గీయండి, మీ చేతిని ఆ పుట మీద పెడితే పిడి మీ అరచేతికి సరిపోవాలి. నిచ్చెనకు అది కుదరదు కాని, ఆ ఒక్క మెట్టుకు కుదురుతుంది.

పక్కగీత

అందరికీ కృతజ్ఞతలు. జవాబు రాయడం ఆలస్యమైనందుకు మన్నించండి, నిచ్చెనను మళ్లీ చూసిన తరువాతే రాయాలనుకున్నాను. రంగుల పని ఇంకా పూర్తి కాలేదు, అది భవనం వెనుక వైపుకు చేరింది.

ఈసారి దానిని వాడే ఆయన అక్కడే ఉన్నారు. అనుమతి అడిగి నాలుగో మెట్టును దగ్గరగా చూశాను. ఉలిమొన గారు చెప్పింది అక్షరాలా నిజం. తాను ఎక్కువగా నిలబడేది ఆ మెట్టు మీదేనని ఆయన కూడా చెప్పారు, అంతకుముందు ఆ అరుగుదల గురించి ఎవరూ అడగలేదట. తరువాత ఆయన పైకి ఎక్కి పని మొదలుపెడితే కింద నిలబడి చూశాను. కుంచె కుడిచేతిలో ఉంది. దూరంగా అందుకోవలసి వచ్చిన ప్రతిసారీ బరువంతా కుడికాలి మీదకు ఒరుగుతోంది, ఎడమ పాదం మడమ కొద్దిగా లేస్తోంది.

ఆయన దిగిన తరువాత మెట్టు మీద వేలు పెట్టి చూశాను. పల్లం మధ్యలో లేదు. కుడివైపున లోతుగా ఉంది, ఎడమవైపు చెక్క దాదాపు చదునుగానే ఉంది, అక్కడ పాత రంగు చుక్కలు కూడా చెరగలేదు. స్కెచ్‌బుక్ తెరిచి నా పాత బొమ్మను పక్కన పెట్టి చూసుకున్నాను. అందులో పల్లం సరిగ్గా నడిమధ్యన, రెండు వైపులా సమానంగా, చక్కటి వంపుతో ఉంది. నన్ను ఆపింది ఆ మెట్టేనని మీ అందరికీ రాశాను, ఆ మాట అన్నప్పుడు నిజమనే నమ్మాను. కాని నేను గీసింది ఆ మెట్టును కాదు, అరిగిన మెట్టు ఎలా ఉంటుందని అనుకున్నానో దానిని.

ఇవాళ మెట్టు ఒక్కదానినే అసలు పరిమాణంలో మొదలుపెట్టాను. నా పుస్తకం దాని పొడవుకు చాలదు కనుక రెండు పుటల మీదుగా, మడతకు అడ్డంగా గీస్తున్నాను. ఎడమవైపు పుట పూర్తయింది. కుడివైపు పుటకు రేపు వెళతాను, ఆయన మధ్యాహ్నం పని ఆపే వేళకు రమ్మన్నారు.